రాజులు లేని కోటలు: అందలుస్ కొండ శిథిలాలను చదవడం ఎలా?

అందలుస్ అన్న మాట వినగానే మన మనసులో మెదిలే దృశ్యాలు నాలుగైదింటికి మించవు. ఖుర్తుబా జామె మసీదులోని జంట కమానులు, గర్నాతాలోని అల్‌హమ్రా ప్రాకారాలు, సముద్రం దాటి వచ్చిన తారిఖ్ సేన, 1492 జనవరిలో నగరాన్ని అప్పగించి వెనుదిరిగిన చివరి సుల్తాన్ అబూ అబ్దుల్లాహ్. ఈ దృశ్యాలన్నింటిలోనూ ఒక సమాన లక్షణం ఉంది. అవన్నీ రాజధానులకు, రాజులకు, సేనాధిపతులకు సంబంధించినవి. శతాబ్దాల తరబడి ఆ దేశపు కొండల్లో పొలం దున్ని, నీరు కట్టి, అత్తిచెట్లు పెంచి, నమాజు చేసుకుని కన్నుమూసిన సామాన్య ముస్లింలకు ఆ చిత్రాల్లో చోటు లేదు.

ఆ సామాన్యులు మిగిల్చి వెళ్ళిన కట్టడాలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. స్పెయిన్ తూర్పు, దక్షిణ పర్వత ప్రాంతాల్లో శిఖరాల మీద, కనుమల మీద వందల సంఖ్యలో పాడుబడిన కోటలు నిలిచి ఉన్నాయి. అక్కడి ప్రజలు వాటిని 'మూర్ల కోటలు' అంటారు. చాలావాటికి బండి దారి లేదు; కాలినడకన ఎక్కవలసిందే. ఈ శిథిలాలను మన విలాప సాహిత్యం, పాశ్చాత్యుల యాత్రా సాహిత్యం, ఇటీవలి చరిత్ర పరిశోధన ఏ విధంగా చదివాయో పరిశీలించి, వాటి గుణదోషాలను విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాడుబడిన గోడల గురించి ఇంత విచారణ ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఒక సమాజం తాను పోగొట్టుకున్నది ఏమిటో సరిగా తెలుసుకోకపోతే, తన వద్ద మిగిలినది ఏమిటో కూడా తెలుసుకోలేదు. అందుకే ఈ విచారణ.

విలాపం చూపిన అందలుస్

అందలుస్ పతనం మీద వెలసిన విలాప కావ్యాల్లో మొదట చెప్పుకోవలసినది అబుల్ బఖా అర్రుందీ రచన. 13వ శతాబ్దపు ద్వితీయార్ధంలో వెలువడిన ఈ మర్సియా అరబీ సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచింది. బలన్సియా, ముర్సియా, షాతిబా, జయ్యాన్, ఖుర్తుబా, ఇష్బీలియా నగరాల పేర్లు తలచి కవి ఒక్కొక్కదాని గతి అడుగుతాడు. గమనించవలసిన విషయం ఏమంటే, కవి స్వయంగా పర్వత ప్రాంతం వాడు. అతని రుందా పట్టణం నిట్టనిలువు కొండచరియ మీద కట్టినది. దాని చుట్టూ కొండకోటలే. అయినా అతని పట్టికలో నగరాలే ఉన్నాయి. సామాన్య ప్రజలు కావ్యం చివరి భాగంలో వస్తారు, బందీలుగా, బిడ్డల నుంచి వేరు చేయబడిన తల్లులుగా వస్తారు. ఆ భాగం చదివి కంటతడి పెట్టనివారు అరుదు. కాని ఆ తల్లులు చెర పడక ముందు ఎలా జీవించారో కావ్యం చెప్పదు.

మన కాలానికి వస్తే, అల్లామా ఇక్బాల్ 1933లో స్పెయిన్ సందర్శించి, 1935లో వెలువడిన బాలె జిబ్రీల్‌లో అందలుస్ మీద అనేక కవితలు చేర్చారు. ఖుర్తుబా మసీదు కవిత ఉర్దూ సాహిత్యానికే కిరీటం వంటిది. తారిఖ్ ప్రార్థన, చెరలో ముఅతమిద్ వేదన, తొలి అబ్దుర్రహ్మాన్ నాటిన ఖర్జూర వృక్షం కూడా ఆ సంపుటిలో ఉన్నాయి. ఆ తర్వాత నసీమ్ హిజాజీ 'షాహీన్', 'యూసుఫ్ బిన్ తాషిఫీన్' వంటి నవలల ద్వారా గర్నాతాను, మురాబితూన్ సేనలను ఇంటింటి కథలుగా చేశారు.

ఈ మహాకవులను, రచయితలను తప్పు పట్టడం మన ఉద్దేశం కాదు. ఇక్బాల్ కవితకు విషయం భూమిశిస్తు కాదు, కాలాన్ని జయించే ఇష్క్. కాని వరుసగా మూడు తరాలు ఈ రచనలను మాత్రమే చదివిన ఫలితంగా ఒక దురభిప్రాయం మన చరిత్ర జ్ఞానంలో స్థిరపడింది. అందలుస్ అంటే రాజ్యం అనీ, రాజ్యం పోవడంతో అందలుస్ పోయిందనీ మనం అనుకుంటున్నాము. కొండ ఎక్కి చూసినవారికి ఈ రెండూ నిలవవు.

యాత్రికుల 'మూరిష్ కోట'

రెండవ పఠనం పాశ్చాత్య యాత్రికులది. అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1829లో అల్‌హమ్రాలోనే కొంతకాలం నివసించి, 1832లో తన కథల సంపుటిని ప్రచురించాడు. 1845లో రిచర్డ్ ఫోర్డ్ యాత్రికుల కోసం పెద్ద మార్గదర్శిని రాశాడు. వీరి వల్ల యూరపు పాఠకులకు ముస్లిం కట్టడాల మీద ఆదరం కలిగిన మాట నిజం. దానితోపాటు ఒక వేషం కూడా తయారయింది. పాత గోడ, దాని మీద వెన్నెల, గోడ కింద పాతిపెట్టిన నిధి, దానికి కాపలా కాసే మంత్రించిన మూర్ యోధుడు. అటువంటి కథలో మూర్ ఎప్పుడూ చనిపోయినవాడే. అతనికి పొలం లేదు, పన్ను లేదు, పక్క ఊరితో నీటి తగాదా లేదు.

నేటికీ ఈ వేషం వదలలేదు. అలికాంతె మండలంలోని అల్కోయ్ పట్టణంలో ఏటా ఏప్రిల్‌లో మూర్ల, క్రైస్తవుల ఉత్సవం జరుగుతుంది. ఉత్సవం కోసం నిలబెట్టిన కోటను మూర్లు పట్టుకుంటారు, క్రైస్తవులు తిరిగి గెలుచుకుంటారు. 1276లో ఆ పట్టణం ముట్టడిలో మరణించిన అల్ అజ్‌రఖ్ స్మృతి ఈ ఉత్సవం వెనుక ఉంది. ఆ నాయకుని గురించి ముందు చెప్పుకుందాం. ఇక్కడ గమనించవలసినది ఇంతే: కోట అంటే ఇద్దరు వీరులు పోరాడే రంగస్థలం అన్న భావన ఉత్సవంలోను, కథల్లోను, మన నవలల్లోను ఒకటే. విజేతలూ విలపించేవారూ ఒకే తప్పు చదువు చదివారు.

'మూరిష్' అన్న విశేషణమూ నమ్మదగినది కాదు. స్పెయిన్ పల్లెల్లో పాతది, ఎవరు కట్టారో తెలియనిది ఏదైనా మూర్లదే. రోమన్ల కాలపు గోడ, అంతకు పూర్వపు ఇబేరియన్ల గుట్ట, క్రైస్తవ ప్రభువు బురుజు అన్నీ ఆ ఖాతాలో పడతాయి. పెర్పుచెంట్ కోటనే తీసుకోండి. అది ముస్లింల కాలపు కోట అని ఒప్పంద పత్రాలే చెబుతున్నాయి. కాని తర్వాత అది హాస్పిటలర్ల, మొంటెసా సైనిక మఠాల చేతుల్లోకి పోయింది. ఇప్పుడు నిలిచి ఉన్న గోడల్లో వారి పని ఎంతో ఉంది. అభిమానం కొద్దీ ప్రతి రాయినీ మనదే అనడం చరిత్రకు న్యాయం కాదు. సత్యసాక్ష్యం మన ధర్మం కోరేది. అది మనకు అనుకూలమైనప్పుడు మాత్రమే కోరేది కాదు.

నడిచి చూస్తే కనిపించేది

ఇప్పుడు ఒక నిర్దిష్టమైన ప్రదేశాన్ని చూద్దాం. స్పెయిన్ తూర్పు తీరంలో దానియా, లోపల షాతిబా అనే రెండు పట్టణాలు ఉన్నాయి. ఈ పేర్లు మన మద్రసాలకు పరాయివి కావు. ఖిరాఅత్ శాస్త్రంలో అత్తైసీర్ గ్రంథకర్త అబూ అమ్ర్ అద్దానీ దానియాలో స్థిరపడి హిజ్రీ 444, అంటే 1053లో అక్కడే మరణించారు. ఆ గ్రంథాన్నే పద్యరూపంలోకి తెచ్చిన ఇమామ్ షాతిబీ షాతిబాలో పుట్టి హిజ్రీ 590, అంటే 1194లో కైరోలో పరమపదించారు. ఈ రెండు పట్టణాల దక్షిణాన వ్యాపించిన కొండల్లో గల్యినేరా, అల్కలా, లగ్వార్, గ్వాదలెస్త్ అనే లోయలు ఉన్నాయి. అల్కలా అంటే అల్ ఖల్‌అ, కోట. గ్వాదలెస్త్ మొదటి భాగం వాదీ, లోయ. పేర్లే చరిత్రను మోస్తున్నాయి.

గల్యినేరా లోయలో నేడు ఎనిమిది చిన్న ఊళ్ళు ఉన్నాయి. వాటిలో ఐదింటి పేర్లు బెని అనే మాటతో మొదలవుతాయి: బెనిర్రామా, బెనియాలీ, బెనిసివా, బెనితాయా, బెనిసిలీ. ఇది బనీ ఇస్రాయీల్ అన్న మాటలో మనం నిత్యం వినే బనీయే. లోయకు తూర్పు వాకిట బెనిర్రామా మీద ఒక కోట, పడమటి కొసన బెనిసిలీ మీద మరొక కోట. మధ్యలో కొండవాలుకు రాతికట్టలు కట్టి అంచెలంచెలుగా చదును చేసిన పొలాలు, వాటిలో బాదం, ఆలివ్, చెర్రీ చెట్లు.

పొలాల మధ్య నుంచి కాలిబాట పట్టి కోటకు ఎక్కేవారికి మొదట ఆశ్చర్యం కలిగించేది కోటలో లేనివి. రాజమందిరం లేదు. దర్బారు లేదు. శిల్పం లేదు. ఉన్నది చుట్టుగోడ, ఒకటి రెండు బురుజులు, లోపల ఎగుడుదిగుడుగా ఉన్న ఖాళీ స్థలం, ఒక నీటి తొట్టి. ఇటువంటి పలు కోటల్లో దిగువన మరొక విశాలమైన ఆవరణ కూడా ఉంటుంది. దాన్ని అల్బకార్ అంటారు. పశువులను సూచించే బఖర్ అన్న అరబీ పదం నుంచే ఈ పేరు వచ్చిందని పలువురి అభిప్రాయం. అపాయం ముంచుకొచ్చినప్పుడు ఊళ్ళ జనం తమ పశువులతో సహా పైకి వచ్చి తలదాచుకోవడానికి అది అక్కరకు వచ్చేది.

గోడ కట్టిన తీరు చూడండి. చాలాచోట్ల అది రాతిపునాది మీద దిమ్మిస కొట్టిన మట్టి, సున్నం. దీన్ని తాబియా అంటారు. ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో వాస్తు వృత్తిని గురించి చెబుతూ ఈ పద్ధతిని వివరించాడు: నాలుగు మూరల పొడవు, రెండు మూరల వెడల్పు గల రెండు చెక్క పలకలను ఎదురెదురుగా నిలిపి, తాళ్ళతో బిగించి, మధ్యలో సున్నం కలిపిన మట్టి పోసి దిమ్మిస కొట్టాలి, అది గట్టిపడ్డాక పలకలు తీసి పైవరుసకు ఎత్తాలి. ఆ పలకల అడుగున పెట్టిన అడ్డకర్రల రంధ్రాలు నేటికీ వరుసలు తీరి కనిపిస్తాయి. ఇది ఊరి చేతుల మీదుగా జరగగల పని. మన్ను అక్కడిదే, సున్నం కాల్చే రాయి అక్కడిదే.

నీటి తొట్టి మరింత ముఖ్యం. దీనికి స్పానిష్‌లో అల్హిబె, ఆ కొండల వలెన్సియన్ భాషలో అల్జుబ్ అని పేరు. మూలం అరబీ జుబ్బ్. సూరా యూసుఫ్‌లో అన్నలు తమ్ముణ్ణి పడవేసిన బావికి దివ్య ఖుర్ఆన్ వాడిన పదం ఇదే. కొండకొమ్మున ఊట ఉండదు కనుక వాననీటిని పట్టి నిలవ చేయాలి. లోపలి గోడలకు సున్నపు పూత పూసి, పలుచోట్ల ఎర్రమన్ను కలిపి నున్నగా మెత్తేవారు. మూలలు పగలకుండా గుండ్రంగా తీర్చేవారు. మన మసీదుల్లోని హౌజు చూసినవారికి ఈ శ్రద్ధ కొత్త కాదు. గోడలు కూలిన చోట కూడా అనేక కోటల్లో తొట్టి మిగిలే ఉంది. శత్రువును ఎదుర్కొనడం కంటే దాహాన్ని ఎదుర్కొనడమే అసలు సమస్య అని కట్టినవారికి తెలుసు.

పైన నిలబడి కిందికి చూస్తే ఈ కోట ఎవరిదో అర్థమవుతుంది. ఊళ్ళు కోట చుట్టూ లేవు. నీటి ఊటల వద్ద, పొలాల అంచున చెదురుగా ఉన్నాయి. అరబీలో ఊరు ఖర్యా. స్పానిష్‌లో అది అల్కెరియా అయింది. కాలువ సాఖియా, అది అసెకియా అయింది. పొలం, కాలువ, ఊరు, పైన కోట. వీటిని ఒక్కచూపులో కలిపి చూసినప్పుడే కోటకు అర్థం వస్తుంది. పటంలోనో ఛాయాచిత్రంలోనో చూసినవారికి కోట ఒక్కటే కనిపిస్తుంది. నడిచి వచ్చినవారు కోటకు ముందు నీటిని, చెమటను, ఊరిని దాటి వస్తారు. కాలినడక ఇక్కడ విలాసం కాదు, ఒక పఠన పద్ధతి.

మన తెలుగులో ఈ కట్టడానికి పేరు పెట్టడమే కష్టం. కోట అంటే రాజు గుర్తుకు వస్తాడు. గోల్కొండ, కొండపల్లి, గండికోట కళ్ళముందు నిలుస్తాయి. గడి అంటే దొర గుర్తుకు వస్తాడు. ఈ రెండూ కాని, కొన్ని ఊళ్ళ ఉమ్మడి ఆశ్రయమైన కొండగోడకు మనకు వేరే మాట లేదు. అరబీ గ్రంథాలు దాన్ని హిస్న్ అన్నాయి, బహువచనం హుసూన్. పరాయి మాటే అయినా ఇక్కడ హిస్న్ అనడమే మేలు. అనువాదంలో కోట అన్న ప్రతిసారీ లేని రాజును మనమే సింహాసనం ఎక్కిస్తున్నాము.

పరిశోధకుల పఠనం, దాని హద్దులు

మూడవ పఠనం పరిశోధకులది. ఫ్రెంచి చరిత్రకారుడు పియెర్ గిషార్ 1976లో అందలుస్ సమాజ నిర్మాణంపై వెలువరించిన గ్రంథం చర్చను మలుపు తిప్పింది. అంతకు ముందు స్పెయిన్ చరిత్రకారుల్లో పెద్ద భాగం, ముఖ్యంగా క్లౌదియో సాంచెస్ అల్బోర్నోస్, ముస్లిం పాలన పైపూత మాత్రమేననీ, లోపల సమాజం పాత స్పెయినేననీ వాదించేవారు. అరబ్బు, బెర్బర్ సంతతి సమూహాలు సమాజపు అడుగు పొరల వరకు రూపు మార్చాయని గిషార్ చూపించాడు. బెని అనే ఊళ్ళ పేర్లు అతనికి ముఖ్య సాక్ష్యం. 1988లో ఆంద్రే బజానా, పత్రీస్ క్రెసియే, గిషార్ కలిసి ఆగ్నేయ స్పెయిన్ హుసూన్ మీద ప్రచురించిన గ్రంథం ఈ కోటలకు పునాది పుస్తకం వంటిది. హిస్న్ ప్రభువు నివాసం కాదనీ, చుట్టుపక్కల ఖర్యాల సమాజానికి ఆశ్రయమనీ, రాజ్యం తరఫున ఖాయిద్ ఉన్నా ఊళ్ళు అతని సొత్తు కావనీ వారి వాదం. 1995లో థామస్ గ్లిక్ ముస్లిం హిస్న్ క్రైస్తవ ప్రభువు కోటగా మారిన క్రమాన్ని ఒక గ్రంథంలో సమీక్షించాడు. రాళ్ళు అవే, కాని వాటి పని మారింది: ఊళ్ళకు నీడనిచ్చినది ఊళ్ళ నుంచి శిస్తు పిండేదిగా మారింది.

ఈ పరిశోధన మనకు చేసిన మేలు పెద్దది. కాని దీన్నీ విమర్శ లేకుండా స్వీకరించరాదు. మొదటిది, ప్రతి బెని ఊరూ ఒక తెగ పల్లె అనడం అతిశయోక్తి. కొన్ని పేర్లు తర్వాతి కాలపు కుటుంబాలవి కావచ్చునని భాషావేత్తలు అభ్యంతరం చెప్పారు. రెండవది, ప్రతి కాలువా ముస్లింలే తవ్వినదనలేము. కార్ల్ బుట్జర్ బృందం 1985లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తూర్పు స్పెయిన్ పెద్ద సేద్యపు వ్యవస్థల్లో రోమన్ల కాలపు వారసత్వం ఉంది. ముస్లింలు దాన్ని పెంచి, కొత్త పంటలతో, చిన్న కాలువలతో కొండల్లోకి తీసుకువెళ్ళారు. మూడవది అన్నింటికన్నా ముఖ్యం. అన్ని కొండకోటలూ ప్రజలవి కావు. మాలఖా కొండల్లోని బుబష్తర్ నుంచి ఉమర్ బిన్ హఫ్సూన్, అతని కుమారులు ఖుర్తుబా పాలకులను దశాబ్దాల తరబడి ఎదిరించారు. 928లో అది లొంగిన తర్వాత మూడవ అబ్దుర్రహ్మాన్ అనేక కొండకోటలను పడగొట్టించి జనాన్ని మైదానాలకు దింపాడని చరిత్రకారుడు ఇబ్న్ హయ్యాన్ రాశాడు. మాన్యుయెల్ అసియెన్ వంటి స్పెయిన్ పండితులు ఈ ఆధారాలతో గిషార్ చిత్రాన్ని సవరించారు. అంటే హిస్న్ ఒకచోట తిరుగుబాటుదారు గూడు, మరొకచోట రాజ్యం ఠాణా, ఇంకొకచోట ఊళ్ళ ఉమ్మడి ఆశ్రయం. రాజుల కల్పన స్థానంలో పల్లెల కల్పనను నిలబెడితే మనం సాధించేది ఏమీ లేదు. ఏ కొండ కథ ఆ కొండకు విడిగా చదవాలి.

రాజ్యం పోయాక మిగిలినది

ఇన్ని సవరణలు చేసుకున్న తర్వాత కూడా ఒక సత్యం చెక్కుచెదరదు. అది కాలక్రమానికి సంబంధించినది.

అరగాన్ రాజు జౌమె 1238లో బలన్సియాను, 1244లో షాతిబాను లొంగదీసుకున్నాడు. మన పాఠ్యపుస్తకాల లెక్కలో అక్కడితో ఆ ప్రాంతపు కథ ముగిసింది. కాని కొండల్లో అబూ అబ్దుల్లాహ్ ముహమ్మద్ బిన్ హుజైల్, అల్ అజ్‌రఖ్ అనే నాయకుడు జౌమె కుమారుడు అల్ఫోన్సోతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. దాన్ని రాబర్ట్ బర్న్స్, పాల్ షెవెడెన్ 1245 నాటిదిగా నిర్ణయించి ప్రచురించారు. పత్రంలో ఒక వరుస స్పెయిన్ దేశభాష, ఒక వరుస అరబీ. అందులో ఎనిమిది కోటల పేర్లు ఉన్నాయి. పోప్, తర్బెనా వెంటనే అప్పగించాలి. మరి నాలుగు మూడేళ్ళ తర్వాత. అల్కలా, పెర్పుచెంట్ మాత్రం అతనికి, అతని వంశానికి మిగులుతాయి. ఒప్పందం నిలవలేదు. అజ్‌రఖ్ తిరగబడి 1258 వరకు పోరాడి దేశం విడిచాడు. 1276లో తిరిగి వచ్చి అల్కోయ్ వద్ద మరణించాడు. బెనిసిలీ మీది శిథిలమే అతని అల్కలా కోట అని పరిశోధకుల నిర్ణయం.

అజ్‌రఖ్ పోయాడు. కోటలు ప్రభువుల పాలయ్యాయి. కాని ఖర్యాలు పోలేదు. ఆ లోయల్లో ముస్లింలు పరాయి రాజు కింద, తమ ఫఖీహ్‌లతో, తమ మసీదులతో, 1520ల బలవంతపు మతమార్పిడి వరకు, అంటే దాదాపు 280 సంవత్సరాలు బహిరంగంగా ముస్లింలుగానే జీవించారు. 1525లో చక్రవర్తి కార్లోస్ శాసనంతో అది చట్టరీత్యా ముగిసింది. 1526లో ఉత్తరాన ఎస్పదాన్ కొండల ముస్లింలు ఆయుధం పట్టి ఓడిపోయారు. ఆ తర్వాత 1609 వరకు మరి 84 సంవత్సరాలు పైకి క్రైస్తవులుగా, లోపల తాము ఎరిగినంత మేరకు ముస్లింలుగా మిగిలారు. రాజ్యం లేకుండా మూడున్నర శతాబ్దాలకు పైగా నిలిచిన సమాజం ఇది. గర్నాతా నస్రీ రాజ్యం బతికినది అంతకంటే తక్కువ కాలం.

వారు అక్కడ ఉండడం ధర్మమా కాదా అన్న ప్రశ్నను నాటి ఉలమా కూడా చర్చించారు. ఫాస్ నగరపు మహాపండితుడు అల్ వన్‌షరీసీ, క్రైస్తవ రాజ్యంలో ఉండిపోవడం పాపమనీ, వలస విధి అనీ తీర్పు చెప్పాడు. 1504లో వహ్రాన్‌కు చెందిన మరొక ముఫ్తీ, గత్యంతరం లేక మతం దాచుకుని బతుకుతున్నవారికి ధైర్యం చెబుతూ, నిర్బంధంలో ఏ విధిని ఎలా నెరవేర్చుకోవచ్చునో వివరించి ఫత్వా పంపాడు. ఈ రెండు ఫత్వాల మధ్య తీర్పు చెప్పే అర్హత ఈ వ్యాసకర్తకు లేదు. కాని ఒక విషయం మాత్రం గమనార్హం. మొదటి తీర్పు దారుల్ ఇస్లామ్‌లోని నగరం నుంచి వచ్చింది. అంచెల పొలం, తాత తవ్విన కాలువ, వంతు నీరు వదిలిపెట్టి పొమ్మన్నప్పుడు ఆ రైతు ఏమి వదులుకుంటున్నాడో ఆ కొండ ఎక్కితే కాని తెలియదు.

1609 సెప్టెంబరు 22న బలన్సియాలో బహిష్కరణ శాసనం చాటించారు. ఆ ఒక్క రాజ్యం నుంచే సుమారు 1,20,000 మంది, 1614 నాటికి స్పెయిన్ మొత్తం నుంచి సుమారు 3,00,000 మంది ఓడలెక్కించబడ్డారు. ఓడలెక్కించిన రేవుల్లో దానియా ఒకటి. అద్దానీ ఖుర్ఆన్ పఠనం నేర్పిన ఊరి రేవు నుంచే ఆ పఠనం మరచిపోకుండా ఉండడానికి పోరాడిన చివరి తరం వెళ్ళిపోయింది. వెళ్ళడానికి నిరాకరించినవారు లగ్వార్ లోయ పైన ఉన్న కవాల్ వెర్ద్ కొండమీదికి ఎక్కారు. ఆ పేరుకు పచ్చగుర్రం అని అర్థం. కొండలో దాగిన ఒక ముస్లిం వీరుడు పచ్చగుర్రమెక్కి వచ్చి తమను రక్షిస్తాడని వారు నమ్మారని నాటి స్పానిష్ చరిత్రకారులు రాశారు. నవంబరులో సైన్యం చుట్టుముట్టింది. ఎందరో చంపబడ్డారు. మిగిలినవారు తిండి, నీరు అయిపోయి దిగివచ్చారు. హిస్న్ కట్టిన పూర్వీకులు పచ్చగుర్రాన్ని నమ్ముకోలేదు, జుబ్బ్ కట్టుకున్నారు. ఈ తేడా మన ఆలోచనకు అర్హమైనది.

ఖాళీ అయిన లోయల్లోకి మజోర్కా ద్వీపం నుంచి కుటుంబాలను తెచ్చి నింపారు. తర్బెనా ఊరి మాటతీరులో నేటికీ ఆ ద్వీపపు యాస వినిపిస్తుంది. కొన్ని ఊళ్ళు నిండనే లేదు; అల్కలా లోయలోని అత్సువియేతా గోడలు మాత్రమే మిగిలిన మోరిస్కోల పల్లె. లగ్వార్ లోయలో ఫ్లెయిష్ ఊరి నుంచి లోతైన కనుమలోకి దిగి ఎక్కే రాతిమెట్లు ఆరువేలకు పైగా ఉన్నాయి. వాటిని మొజారబ్ మెట్లు అని పిలవడం వాడుక. మొజారబ్ అంటే ముస్లిం పాలనలోని క్రైస్తవుడు కనుక ఆ పేరు ఇక్కడ పొసగదు. దీటుగా, మెట్లన్నీ మోరిస్కోలే కట్టారని మనం చెప్పుకోవడమూ పొసగదు. తర్వాత వచ్చిన రైతులూ వాటిని వాడి, బాగుచేసి, పెంచి ఉంటారు. వారు కూడా అదే నీటిని, అవే అంచెలను నమ్ముకుని బతికినవారే.

ఏమి నేర్చుకోవాలి?

1949లో స్పెయిన్ ప్రభుత్వం దేశంలోని కోటలన్నింటినీ, అవి ఎంత శిథిలమైనా సరే, రక్షణ కిందికి తెచ్చింది. రాళ్ళకు చట్టం దొరికింది. అర్థానికి చట్టం ఉండదు. అది చదివేవారి బాధ్యత.

దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల భూమిలో సంచరించి, పూర్వపు జాతుల పర్యవసానం ఏమయిందో చూడమని ఆదేశిస్తుంది. ఆ ఆదేశంలో రెండు పనులున్నాయి: నడవడం, చూడడం. మన విలాప సాహిత్యం నడవకుండానే ఏడ్చింది. యాత్రికులు నడిచారు కాని తమ కలనే చూశారు. ఈ రెంటికీ భిన్నంగా, రాతిని రాయిగా, నీటిని నీటిగా చూసే పఠనం మనకు ఇప్పుడు కావాలి. ఉర్దూలో అందలుస్ మీద పుస్తకాలు కొల్లలు, తెలుగులో కొన్నే. రాబోయే పుస్తకాలైనా అల్‌హమ్రాకు నాలుగు అధ్యాయాలు ఇస్తే, ఒక అధ్యాయం బెనిసిలీకి ఇవ్వాలని మా మనవి.

ఎందుకంటే, రాజ్యమే ఇస్లాం అని నేర్పిన చరిత్ర, రాజ్యం లేని ముస్లింకు కన్నీరు తప్ప ఏమీ ఇవ్వదు. ఊరుమ్మడిగా గోడ కట్టుకుని, వంతులు వేసుకుని నీరు పంచుకుని, ఫఖీహ్‌ను నిలుపుకుని, రాజు పోయినా మూడున్నర శతాబ్దాలు నిలిచిన జనం చరిత్ర మాత్రం అడగవలసిన ప్రశ్నలు ఇస్తుంది. మన ఊళ్ళో ఉమ్మడిది ఏది? దానికి కాపలా ఎవరు? కరువు వచ్చిన నాటికి మన తొట్టిలో నీరు ఎంత? ఈ ప్రశ్నలకు జవాబు గతవైభవం మీద రాసే పద్యాల్లో దొరకదు. మసీదు కమిటీ లెక్కల్లో, వక్ఫ్ భూమి హద్దురాళ్ళ దగ్గర, మక్తబ్ హాజరుపట్టీలో దొరుకుతుంది.